స్కాన్ పుటల్లో చెరిగే గీత

కువైట్‌లో ఉన్న మాబోటివారికి పాత తెలుగు పుస్తకం కావాలంటే స్కాన్ ప్రతే దిక్కు. ఆ ప్రతుల పరిమాణం తగ్గించే పద్ధతులను 'కంటికి తేడా తెలియదు' అన్న కొలతతోనే మెచ్చుకోవడం పరిపాటి. అక్షరాల విషయంలో ఆ కొలత చాలదు.

నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు 1974లో ప్రకటించిన కొసైన్ పరివర్తనం జేపెగ్‌కు పునాది. జేపెగ్ బొమ్మను 8×8 బిందువుల గళ్ళుగా విడదీసి, కన్ను అంతగా పట్టించుకోని సూక్ష్మభేదాలను ముతకబరుస్తుంది. ముఖచిత్రానికి ఇది మేలే. అచ్చు అక్షరానికి ఆ సూక్ష్మభేదమే ప్రాణం: 'ద'కూ 'ధ'కూ, 'ప'కూ 'ఫ'కూ నడుమ ఉన్నది ఒక చిన్న గీత.

జేబిగ్2 తెచ్చే ప్రమాదం మరొక రకం. నష్టాన్ని అనుమతించే రీతిలో అది దగ్గరగా పోలి ఉన్న ఆకారాలన్నిటికీ ఒకే అచ్చును వాడుతుంది. జెరాక్స్ యంత్రాల్లో 6 అంకె 8గా మారడాన్ని 2013లో డేవిడ్ క్రీసెల్ బయటపెట్టాడు. మసకను పాఠకుడు అనుమానిస్తాడు. స్పష్టంగా కనబడే తప్పును నమ్ముతాడు. ఎక్స్‌రేలో సన్నని పగులు చెరిగిపోతే వైద్యుడి గతీ అంతే.

కనుక మూలప్రతిని నష్టం లేని పద్ధతిలో భద్రపరచి, చదువరులకు తేలిక ప్రతిని ఇవ్వాలి. ఇచ్చేముందు అందులో ఒత్తులూ, అడుగు గీతలూ విడివిడిగా తెలుస్తున్నాయో లేదో మూలంతో పోల్చి చూడాలి.