పియాజే నోటు పుస్తకాలు

డీఎడ్, టెట్ కోసం చదివినవాళ్లకు పియాజే పేరు వినగానే నాలుగు దశలు గుర్తొస్తాయి. ఇంద్రియ చాలక దశ దగ్గర మొదలుపెట్టి వయసులతో సహా అప్పజెప్పేస్తారు. పరీక్షకు అది చాలు. రోజూ పసిపిల్లల మధ్య కూర్చునే టీచరుకు మాత్రం ఆ దశల పట్టిక కంటే, దాని వెనకున్న రాతలే ఎక్కువ పనికొస్తాయని నా గట్టి నమ్మకం.

స్విట్జర్లాండ్‌లో 1896లో పుట్టిన జీన్ పియాజే పిల్లల మనసుల జోలికి రాకముందు నత్తల మీద పరిశోధన చేసి 1918లో డాక్టరేట్ తీసుకున్నాడు. గుల్లల్లో తేడాలు వెతికిన ఆ కన్నే తర్వాత ఉయ్యాల వైపు తిరిగింది. 1925, 1931 మధ్య పుట్టిన తన ముగ్గురు పిల్లలు జాక్వెలిన్, లూసియెన్, లారెంట్‌లను భార్య వాలెంటీన్‌తో కలిసి ఏళ్ల తరబడి గమనించి రాశాడు. పసితనంలో తెలివి ఎలా మొలకెత్తుతుందో చెబుతూ 1936లో వెలువరించిన పుస్తకం నిండా ఆ నోట్లే.

వాటిలో ఒకటి చూడండి. వయసు 1;4(0). అంటే ఏడాది మీద సరిగ్గా నాలుగు నెలలు, ఒక్క రోజు కూడా అటూ ఇటూ లేదు. పియాజే ఒక గొలుసును అగ్గిపెట్టెలో పెట్టి, మూడు మిల్లీమీటర్ల సందు మాత్రం వదిలి లూసియెన్‌కు ఇచ్చాడు. అంతకుముందు సందు పది మిల్లీమీటర్లుండగా పాప వేలు దూర్చి గొలుసు లాగేసింది. ఈసారి వేలు పట్టలేదు. కాసేపు ఆగింది. సందు వైపే చూస్తూ నోరు కొంచెం తెరిచి మూసింది, మళ్లీ తెరిచింది, ఇంకాస్త పెద్దగా తెరిచింది. ఆ వెంటనే వేలు సందులో పెట్టి, గొలుసు కోసం తడమకుండా పెట్టెనే లాగి వెడల్పు చేసింది.

‘తెలివైన పాప’ అన్న మాట ఇందులో ఎక్కడా లేదు. సందు ఎంతో కొలిచాడు, తను చేసిందేమిటో రాశాడు, పాప చేసిందేమిటో వరసగా రాశాడు. మాటలు రాని బిడ్డ నోటితోనే ఆలోచిస్తోందన్న తన వ్యాఖ్యానాన్ని మధ్యలో పెట్టినా, పాప చేసిందేమిటో విడిగా తెలుస్తూనే ఉంటుంది. వ్యాఖ్యానం పక్కనే ఉన్నా చూసింది చూసినట్టే దొరకడమే ఈ పనితనంలో నన్ను కట్టిపడేసేది.

పిల్లల తప్పుల్ని ఆయన చూసిన తీరు ఇంకా గొప్పది. జాక్వెలిన్‌కు పది నెలల పద్దెనిమిది రోజులు. పరుపు కింద ఎడమవైపు బొమ్మ చిలుకను రెండుసార్లు దాస్తే రెండుసార్లూ తీసింది. మూడోసారి ఆ పిల్ల చూస్తుండగానే నెమ్మదిగా కుడివైపు దాచాడు. జాక్వెలిన్ కళ్లప్పగించి చూసింది, తీరా వెతికింది ఎడమవైపే! ఇంకెవరైనా అయితే నవ్వేసి, బొమ్మ ఎక్కడుందో చూపించి ఊరుకుంటారు. ఆయనకు మాత్రం ఆ తప్పే అసలు సమాచారం. యువకుడిగా పారిస్‌లో బినే ప్రయోగశాలలో తెలివితేటల పరీక్షలు పెడుతున్నప్పుడే, సరైన జవాబులకంటే పిల్లలందరూ ఒకే తీరుగా చెప్పే తప్పు జవాబులు ఆయన్ని ఆకర్షించాయి.

మన ఇళ్లలో బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు, అడుగేస్తే అరిసెలు పంచుతాం. చక్కటి ఆచారం. కాకపోతే ఆ మొదటి అడుగుకు ముందు గోడ పట్టుకుని నిలబడటం, చేయి వదిలి చూడటం, కూలబడటం ఇవన్నీ ఎవరూ రాసిపెట్టరు. పియాజే రాసింది సరిగ్గా ఇలాంటి వాటినే.

ఆయన లెక్కల్లో లోటు లేకపోలేదు. ఈ నోట్ల కోసం చూసింది ముగ్గురినే, అదీ సొంత పిల్లల్ని. 1985లో రెనే బయ్యార్జాన్, మరో ఇద్దరు పరిశోధకులు కలిసి, పిల్లలు దేనివైపు ఎంతసేపు చూస్తారో కొలిచారు. కంటికి కనిపించని వస్తువు అక్కడే ఉంటుందన్న ఎరుక అయిదు నెలల పిల్లల్లోనూ ఉందనడానికి ఆధారం చూపించారు. దాంతో పియాజే గీసిన వయసుల గీతలు వెనక్కి జరిగాయి. చిలుక కోసం ఎడమవైపు వెతికిన సంగతి మాత్రం చెక్కుచెదరలేదు. చూసింది చూసినట్టు రాసినందువల్లే ఆ నోటు ఇప్పటికీ పనికొస్తోంది.

మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆటపాటలతో చదువు చెప్పే మన అంగన్‌వాడీ టీచర్లకు ఈ పద్ధతి అందనిదేం కాదు. ‘రంగులు రావు’ అని రాసే చోట ‘నీలం మూతలూ ఆకుపచ్చ మూతలూ ఒకే కుప్పలో వేసింది, పసుపువి విడిగా పెట్టింది’ అని, పక్కన తేదీ, పిల్ల వయసు రాస్తే చాలు. మర్నాడు ఆ పిల్ల ముందు ఏ రెండు రంగుల మూతలు పెట్టాలో ఆ ఒక్క వాక్యమే చెబుతుంది.