గిడుగు వారి మలివయసు పుస్తకాలు

అరవై దాటినవారికి వైద్యులమైన మేము అలవాటుగా చెప్పే మాట ఒకటుంది: "ఇక విశ్రాంతి తీసుకోండి." గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి సవర గ్రంథాలు తిరగవేశాక ఆ మాట అనడానికి మాకు నోరు రావడం లేదు.

1863లో పుట్టిన పంతులుగారు పర్లాకిమిడిలో మూడు దశాబ్దాలు పాఠాలు చెప్పి 1911లో ఉద్యోగం విరమించారు. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటంలో పెద్ద భాగం ఆ తరువాతదే. 'తెలుగు' మాసపత్రిక పెట్టింది 1919లో. సవర భాషా వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడ్డాయి. నిఘంటువు వచ్చేనాటికి ఆయనకు డెబ్భై అయిదేళ్ళు. 1940 జనవరి 22న కన్నుమూశారు.

ఏటా ఆగస్టు 29న ఆయన పేర తెలుగు భాషా దినోత్సవం జరుపుకొనే మనం ఈ సవర పుస్తకాలను దాదాపు మరచిపోయాం. మన్యంలో తిరుగుతూ మలేరియా పాలై, క్వినైను వాడి, ఆయన వినికిడి పోగొట్టుకున్నారని చెబుతారు. క్వినైను వల్ల చెవికి ముప్పు కలుగుతుందని మాకు తెలిసిందే. అటువంటి మనిషి, గొంతు బిగబట్టి పలికే సవర ధ్వనులను, తెలుగులో అక్షరమే లేనివాటిని, విడివిడిగా గుర్తించి రాశారు. ఒంటరిగా కాదు. సవరలను ఇంట ఉంచుకొని భాష నేర్చుకున్నారు. కుమారుడు సీతాపతిగారు తోడు నిలిచారు. ఈ పుస్తకాల బలం ఓపిక ఒక్కటే కాదు, ఆ సాంగత్యం కూడా.

లోపం చెప్పకపోతే విమర్శ కాదు. ఈ గ్రంథాలు ఇంగ్లీషులో, ప్రత్యేక గుర్తులు చేర్చిన రోమను లిపిలో ఉన్నాయి. అధికారికీ, భాషా శాస్త్రజ్ఞుడికీ అందాయి గాని, ఎవరి నోటి మాటలతో అవి నిండాయో ఆ సవరకు అందలేదు. వాడుక భాష కోసం జీవితం ధారపోసిన మనిషి విషయంలో ఇది కొంచెం బాధ కలిగించే సంగతే.

యాంగోన్‌లో ఉన్న మనకు ఇందులో పని ఉంది. సవర భాష ముండా శాఖకు చెందినది. మనం ఇక్కడ మవ్లమైన్ వైపు వినే మోన్ భాషకు దూరపు చుట్టం. అంతకంటే దగ్గరి సంగతి మరొకటి. కోరంగి రేవు పేరుతో మనవాళ్ళను ఈ దేశం పిలిచిన రోజులు, 1930 మే నెలలో రేవు కూలీలపై జరిగిన దాడులు, 1942లో కాలినడకన సాగిన వలస, ఇవన్నీ పెద్దల నోట మిగిలాయి. 1942ను పిల్లలుగా చూసినవారికి ఇప్పుడు ఎనభై దాటింది. వాళ్ళ తెలుగులో కలిసిపోయిన బర్మా మాటలు ఏ నిఘంటువులోనూ చేరలేదు.

ఒక పెద్దాయన రక్తపోటు చూపించుకోవడానికి వచ్చి ఆ నడక సంగతి మొదలుపెట్టారు. "మాట్లాడకండి తాతగారూ, లెక్క తప్పుతుంది" అన్నాం. పట్టీ విప్పాక మళ్ళీ అడగలేదు. ఆయనా చెప్పలేదు.

పని చేస్తూ ఉంటే మతిమరుపు రాదని మేము హామీ ఇవ్వలేం. అయితే తన మాట కోసం ఎదురుచూసేవారు ఒకరున్నారని తెలిసిన మనిషి పొద్దున్నే లేచే తీరు వేరు. ఈసారి ఆయన వస్తే మాత్రల చీటీతోపాటు ఒక నోటుపుస్తకం కూడా ఇస్తాం. రాయడానికి చెయ్యి వణికితే, పక్కన కూర్చొని మేమే రాస్తాం.