ఖరగ్‌పూరు ప్రేక్షకుడు – ఇటీవలి తెలుగు చిత్రములు

తెలుగు చలనచిత్రములను గూర్చి వెలువడు అభిప్రాయములలో అధికభాగము ఒకప్పుడు మదరాసులోను, పిదప హైదరాబాదులోను పుట్టినవే. చిత్రము తీయువాడు, చూచువాడు, దానిని గూర్చి వ్రాయువాడు ఒకే ఊర నుండగా ఒకరి మొగమొకరు చూడవలసి వచ్చును, మొగమాటము తప్పదు. హౌరాకు సుమారు 115 కిలోమీటర్ల దూరమున, వంగదేశపు ఎఱ్ఱనేలలో వెలసిన ఖరగ్‌పూరు అను రైలు పట్టణములో ఆ చిక్కు లేదు. అక్కడి తెలుగువానికి నిర్మాత చుట్టము కాడు, నటుడు కులబంధువు కాడు. టిక్కెట్టు కొని చూచును, నచ్చినచో మెచ్చుకొనును, నచ్చనిచో ఆ మాట గట్టిగనే చెప్పును. అట్టి చిత్రాభిమాని నొకనిని మనసులో నిలుపుకొని, అతని పీటమీద కూర్చుండి, గత ఏడెనిమిది సంవత్సరములలో వచ్చిన తెలుగు చిత్రములను చూచినచో ఎట్లుండును?

మొదట ఆ ప్రేక్షకు డెవడో తెలియవలెను. కళింగాంధ్ర తీరము వెంట వేసిన రైలుదారిలో వాల్తేరునుండి కటకము వరకు గల భాగమును 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వే చేపట్టినది. ఖరగ్‌పూరులో ఆ కంపెనీ కార్ఖానా అప్పటికే రూపుదాల్చుచుండెను. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల పల్లెలనుండి పనివాండ్రు ఆ దారినే పోయిరి. బాయిలరు, సమ్మెట, బొగ్గుపార వారి జీవనమైనవి. 1928లో ఆ రైల్వే కార్మికుల సమ్మెకు నాయకత్వము వహించినవాడు బరంపురపు తెలుగువాడు, తరువాతి కాలమున రాష్ట్రపతి అయిన వి. వి. గిరి. ఆ మొదటితరపు పనివాండ్ర మనుమలు, మునిమనుమలు నేడు నిమ్‌పురాలోను, మథురాకాటిలోను ఇంట తెలుగు, వీధిలో హిందీ, బజారులో వంగభాష మాటలాడుచున్నారు. వారిలో పెక్కుమందికి తెలుగు నాలుకమీద ఉన్నది, కంటికి లేదు. తెరపై పడిన తెలుగు పేరును చదువలేక పక్కనున్న తాతను అడుగు పిల్లవాడు అక్కడ వింత కాదు. 2020 డిసెంబరులో పశ్చిమబెంగాలు మంత్రివర్గము తెలుగును ఆ రాష్ట్రపు అధికార భాషలలో చేర్చుటకు ఆమోదము తెలిపినది. అది సంతోషింపవలసిన వార్తయే. కాని ప్రభుత్వపు ఉత్తర్వు అక్షరమును కచ్చేరీ వరకే తేగలదు. ఇంటిలో తెలుగు మాట చెవినబడుచుండునట్లు చేయుచున్నది, మంచికో చెడ్డకో, సినిమా. కనుక అక్కడ ఒక తెలుగు చిత్రము బాగుండుట, బాగుండకపోవుట కేవలము వినోదపు విషయము కాదు.

అతని నోట మొదట వచ్చు చిత్రము 'శ్యామ్ సింగ రాయ్' అగుటలో ఆశ్చర్యము లేదు. రాహుల్ సాంకృత్యన్ దర్శకత్వమున 2021 డిసెంబరులో విడుదలయిన ఈ చిత్రములో తెలుగు తెర చాలకాలమునకు వంగదేశమును వెదకికొని పోయినది. కథానాయకుడు రచయిత, సంస్కర్త. దేవదాసిగా బంధింపబడిన యువతిని విడిపించి పెండ్లాడును. సోదరుల చేతిలో హతుడగును. యాబది యేండ్ల పిదప వాసు అను తెలుగు దర్శకుడుగా మరల జన్మించును. నాని రెండు వేషములను వేఱు వేఱుగా నిలిపినాడు. సాయిపల్లవి నృత్యములో శ్రమ కానరాదు. సిరివెన్నెల సీతారామశాస్త్రి కలము నుండి వెలువడిన కడపటి పాటలలో కొన్ని ఇందున్నవి. ఇవి యన్నియు ఖరగ్‌పూరువాడును ఒప్పుకొనును.

అటుపిమ్మట అతడు తల విదల్చును. వంగదేశమున బ్రదుకువానికి ఈ వంగదేశము కనబడదు. ఎఱ్ఱ అంచు చీర, దుర్గాపూజ, ధూపము, ట్రాము, ఎఱుపు చొక్కా — యాత్రికుడు సంచిలో వేసికొని పోదగిన వస్తువులే. ఇది చిన్న దోషము. పెద్ద దోషము కథ మూలమునందున్నది. దేవదాసీ వ్యవస్థ అనగానే తెలుగువానికి జ్ఞప్తికి రావలసినది కలకత్తా కాదు, తన ఊరి గుడి. ఆ ఆచారమును నిషేధించుచు 1947లో శాసనము చేసినది మద్రాసు రాష్ట్రము. వేశ్యావృత్తిని గూర్చి తెలుగు రచయిత చేసిన గొప్ప ఆలోచన విజయనగరమున పుట్టినది. మధురవాణి ఆ ఊరిది. ఖరగ్‌పూరు తెలుగువాని తాతముత్తాతల ఊళ్లు ఆ చుట్టుపట్లవే. ఇంటిలోని మురికిని ఊడ్చి పొరుగువాని గుమ్మములో పోయుట వంటిది ఈ కథ. వంగదేశమునకు తన సొంత దోషములు లేవని కాదు. వానిని చూపవలెనన్నచో వానినే చూపవలెను.

రచయితలు గమనింపదగిన విషయము మరియొకటి. వాసుపై గ్రంథచౌర్యపు అభియోగము వచ్చును. అతని కథ, ఎన్నడో చనిపోయిన రచయిత కథ మాటకు మాట ఒకటియే. న్యాయస్థానమున ఈ చిక్కు విడిపోవుటకు చూపిన దారి పునర్జన్మ! చిత్రమున ఇది రక్తి కట్టినదనుటకు సందేహము లేదు. కాని ఈ సమాధానమును ఒకసారి ఒప్పుకొన్నచో తెలుగుసీమలో ఎందఱు పూర్వజన్మ స్మృతి కలవారు బయలుదేరుదురో! కథ దొంగిలింపబడిన పేదరచయితల సంగతి చిత్రపరిశ్రమకు తెలియనిది కాదు. ఆ ప్రశ్నను చేతికి తీసికొని, పూర్వజన్మయను తెర వెనుకకు జారవిడుచుట దర్శకుడు చేసిన తప్పు.

ఒకప్పటి రాకపోకలు వేఱు. తొలి తెలుగు టాకీలలో 'సతీసావిత్రి' (1933), 'లవకుశ' (1934) కలకత్తాలోని ఈస్ట్ ఇండియా ఫిలిం కంపెనీ తీసినవే. రెంటికిని దర్శకుడు సి. పుల్లయ్య. శరత్ నవలలు తెలుగులోనికి వచ్చి, వానినుండి 'దేవదాసు' (1953), 'తోడికోడళ్లు' (1957), 'బాటసారి' (1961) వచ్చినవి. ఆ చిత్రములలో వంగ వేషములు తక్కువ, వంగ హృదయ మెక్కువ. 'శ్యామ్ సింగ రాయ్'లో ఈ లెక్క తారుమారైనది.

వంగదేశమును చూపిన చిత్రమునందు ఖరగ్‌పూరువానికి కానరాని తన బ్రదుకు, వంగదేశము ఊసే లేని మఱొక చిత్రమున కానవచ్చినది. అది 2018 సెప్టెంబరులో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం'. వెంకటేశ్ మహా దీనిని విశాఖపట్టణపు కంచరపాలెములోనే, పెక్కుమంది ఆ పేటవారితోనే తీసినాడు. నిర్మించినది ప్రవీణ పరుచూరి. నలుబది తొమ్మిదేండ్లు వచ్చినను పెండ్లి కాని అటెండరు రాజు, ఒడిస్సానుండి బదిలీపై వచ్చిన అధికారిణి రాధ — ఈ జంటను చూచినప్పుడు రైల్వేక్వార్టర్సులో పెరిగినవానికి తన పొరుగిల్లు చూచినట్లుండును. రాధ తెలుగు మాటలాడు తీరు చిత్రమునకు ప్రాణము. ఆమె తప్పు మాటలాడినప్పుడు ఎవరును నవ్వరు. తెలుగు చిత్రములలో పరభాషవారి తెలుగు ఎన్ని దశాబ్దములుగా హాస్యమునకు ముడిసరకయినదో తెలిసినవారికి ఇందలి గౌరవము అర్థమగును. ఖరగ్‌పూరువాడు స్వయముగా రెండు భాషలలో యాసగలవాడు. వంగభాష మాటలాడునపుడు తెలుగువాడని పట్టుకొందురు. ఆంధ్రదేశమునకు చుట్టపుచూపుగా పోయినపుడు తెలుగు మాటలాడగా బెంగాలువాడందురు. రాధ పక్షమున అతడు నిలుచుట సహజము.

ఈ చిత్రమున నాలుగు ప్రేమకథలు విడివిడిగా నడచి, చివరకు నాలుగింటి నాయకుడు నొక్కడే యని తేలును. ఆ మెలికను మెచ్చినవారు పెక్కుమంది. ఖరగ్‌పూరువానికి మాత్రము అది అంత అవసరముగ తోచదు. సారాదుకాణములో పనిచేయు గడ్డమునకు, మొగము కప్పుకొని వచ్చు సలీమాకును నడుమ నడచిన కథ తనంతట తానే నిలువగలది; ఒకే మనిషి జీవితములో దానిని ఇరికించుటకై కొంత బరువు తగ్గింపవలసివచ్చినది. ఇట్లనుట చిత్రమునందలి ప్రేమచేతనే.

యాస ప్రసంగము వచ్చినది కనుక దానినే కొంత సాగింపవలెను. 'ఏటి', 'నాను', 'గుంట' అను మాటలు ఇంట వినుచు పెరిగినవాడు తెలుగు సినిమాకు పోయినచో, ఆ మాటలను వంటవాడో, బంట్రోతో, తాగుబోతో పలుకగా వినవలసివచ్చెడిది. నాయకుడు కృష్ణా తీరపు భాష, నవ్వించువాడు కళింగాంధ్ర భాష. రావిశాస్త్రి, కాళీపట్నం రామారావు ఆ మాటలతో లోకమును నిలువదీసి ప్రశ్నించిన పిదప గూడ తెర మారలేదు. ఇటీవల మారినది. కరుణకుమార్ తీసిన 'పలాస 1978' (2020)లో జానపదకళ జీవనముగా గల దళిత కుటుంబపు సోదరులు ఆ యాసతోనే నిలువెత్తు మనుష్యులుగా నిలిచినారు. పలాస హౌరా మార్గములోని స్టేషను. ఖరగ్‌పూరు తెలుగువాడు ఊరికి పోవునపుడు జీడిపప్పు పొట్లము కొనుచోటు. చిత్రపు పూర్వభాగమున కులము గూర్చి చెప్పినది చెంపపెట్టువలె నున్నది. ఉత్తరభాగమున కత్తులు మాటలకంటె ఎక్కువైనవి.

2025 ఫిబ్రవరిలో వచ్చిన 'తండేల్' మఱింత ధనము, మఱింత పేరు గల చిత్రము. శ్రీకాకుళపు మత్స్యకారులు గుజరాతు తీరమునకు కూలికి పోయి, 2018లో పాకిస్తానువారికి చిక్కి, 2020 జనవరిలో విడుదలయిన వృత్తాంతము దీనికి ఆధారము. చందు మొండేటి దర్శకుడు. ఖరగ్‌పూరువాని గుండె ఇక్కడ ఒకసారి ఆగవలసినది. పొట్ట చేతబట్టుకొని రైలెక్కిన శ్రీకాకుళపు మనిషి కథ కదా ఇది! నూఱేండ్ల క్రిందట ఉత్తరమునకు పోయిన తాత, నేడు పడమటకు పోవుచున్న మనుమడు. సాయిపల్లవి నటించిన సత్య, వలదన్నను పోయినవానిమీద కోపమును, వాని విడుదలకై పోరాటమును ఒకే గుండెలో దాచుకొనుట నమ్మదగినదిగా నున్నది. అయితే ఇంత పొడవైన సముద్రతీరము ఇంటిముందు ఉండగా మత్స్యకారుడు వేరావలుకు ఏల పోవలసివచ్చెను? చిత్రము ఈ ప్రశ్న వద్ద నిలువలేదు; చెఱసాలకు పరుగెత్తినది. అక్కడ ఆకలికంటె, భయముకంటె, ఉత్తరముకై ఎదురుచూపుకంటె దేశభక్తి ప్రదర్శనకే చోటెక్కువ. నాగచైతన్య యాసకై శ్రమించినమాట నిజము. అయినను చెవి పెట్టి విన్నచో కోపము వచ్చినపుడు శ్రీకాకుళము, ప్రేమ వచ్చినపుడు ఫిలింనగరు పలుకుచున్నట్లు అక్కడక్కడ తోచును.

వేణు యెల్దండి 'బలగం' (2023) తెలంగాణపు యాసలోనిది. కళింగాంధ్ర చెవికి దూరపుది. అయినను ఒక ముసలివాని చావు, పిండము ముట్టని కాకి, విడిపోయిన తోబుట్టువులు — ఇందులో ఖరగ్‌పూరువానికి తెలియని మాట ఒక్కటి లేదు. కర్మకాండకు ఊరికి పోవలెనా, ఇక్కడనే జరుపవలెనా యను తర్జనభర్జన అక్కడి ప్రతి కుటుంబము ఎఱిగినదే.

'ఆర్ ఆర్ ఆర్' (2022) ప్రపంచము మెచ్చిన చిత్రము. దాని పాటకు 2023 మార్చిలో ఆస్కారు వచ్చినది. దానిని గూర్చి క్రొత్తగా చెప్పవలసినది తక్కువ. ఒక్క ఘట్టము మాత్రము. చివర రామరాజు ఏమి కావలెనని అడుగగా భీముడు చదువు కోరును. నిజజీవితములోని కొమురం భీము నీటికి, అడవికి, భూమికి హక్కు కోరినవాడు. వాని చేత అక్షరభిక్ష అడిగించుట పలువురకు మనస్తాపము కలిగించినది, న్యాయమైన తాపమే. అయినను తెలుగు అక్షరము రాని ఖరగ్‌పూరు యువకుడు ఆ ఘట్టమును మఱొక విధముగ చూచునేమో. అడుగుటకు అతనికి గూడ ఒకరు కావలెను.

ఇక 'పుష్ప'. మొదటి భాగమునకు అల్లు అర్జున్ ఉత్తమ నటుడుగా జాతీయ పురస్కారమందిన తొలి తెలుగు నటుడైనాడు. చిత్తూరు యాస ఆ పాత్రకు సగము ఒడలు. అదే పాత్రను హిందీలో శ్రేయస్ తల్పడే గొంతుతో విన్నచో వేషము మిగిలినది, ఊరు పోయినది. ఖరగ్‌పూరులో తండ్రి తెలుగు 'పుష్ప'ను, కొడుకు హిందీ 'పుష్ప'ను చూచుట జరుగుచుండును. ఒకే చిత్రమును గూర్చి ఇద్దరు మాటలాడుకొనుచు, ఇద్దరు వేఱు మనుష్యులను తలచుకొందురు. రెండవ భాగపు యుగళగీతమును శ్రేయా ఘోషాల్ ఆరు భాషలలో పాడినది. అందు తెలుగు, వంగభాష రెండును గలవు. ఒక వంగవనిత పాడిన తెలుగు పాట, ఆమెయే పాడిన వంగపాట ఒకే ఇంటిలో రెండు గదులలో వినబడవచ్చును. చంద్రబోసు తెలుగు మాటలలోని పల్లెవాసన రెండవ గదికి చేరదు. చిత్రము అన్ని భాషలకు పోవుట వ్యాపారమునకు మేలు. కాని తెలుగును నిలువబెట్టుకొనుటకు సినిమా నొక్కదానిని నమ్ముకొన్న ఊరిలో, ఆ సినిమాయే హిందీలో దొరకుచుండగా పిల్లవానికి తెలుగు ప్రతి చూడవలసిన అగత్యమేమి? ఈ ప్రశ్నకు నిర్మాతలు బాధ్యులు కారు. తెలుగు ప్రతిలో తప్ప మఱెందును దొరకని రుచిని మాటలో పెట్టగల రచయితలకే అది చెందును.

ఖరగ్‌పూరు తెరకెక్కిన చిత్రము హిందీది: నీరజ్ పాండే తీసిన 'ఎం. ఎస్. ధోనీ' (2016). ఆ క్రీడాకారుడు 2001 నుండి 2003 వరకు అక్కడ టిక్కెట్ల తనిఖీ ఉద్యోగము చేసినాడు. 1072 మీటర్లకు మించిన పొడవుతో, 2013లో గోరఖ్‌పూరు ప్లాటుఫారము వచ్చువరకు ప్రపంచమున మొదటిదిగా పేరొందిన ప్లాటుఫారము చిత్రమున చక్కగా కనబడును. వానలో బల్లపై ఒంటరిగా కూర్చున్న సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ మొగమును మఱచుట కష్టము. కాని ఆ చిత్రమునకు ఖరగ్‌పూరు విడువవలసిన చోటు మాత్రమే. కథానాయకుడు ఉద్యోగమును కాదని కదలుచున్న రైలెక్కగా కెమెరా ఆ రైలుతోనే పోవును. ఆ ఉద్యోగమునకే శ్రీకాకుళమునుండి రైలెక్కి వచ్చి, ప్లాటుఫారము మీదనే నిలిచిపోయినవారి వైపు అది తిరిగి చూడదు. వారి భాష హిందీ చిత్రమునకు తెలియదు; తెలిసినవారు హైదరాబాదులో నున్నారు.