చరిత్ర వ్యాసమునందు స్వతంత్ర విచారము

ఇంగ్లండులో ఏ-లెవెల్ తరగతిలో చరిత్ర చదువు విద్యార్థులు పరీక్షాశాలలో వ్రాయు సమాధానములతోఁ బాటు, తామే యొక ప్రశ్న నేర్పఱచుకొని, గ్రంథములు వెదకి, నెలలకొలఁది శ్రమించి యొక దీర్ఘవ్యాసమును సమర్పింపవలసియున్నది. చరిత్రకుఁ గల మార్కులలో నూటికి 20 దీనికే చెందును. ఏ.క్యూ.ఏ. అను పరీక్షాసంఘము నియమములనుబట్టి ఈ వ్యాసము 3,500 మొదలు 4,500 మాటల పరిమాణము కలదై, ఇంచుమించు నూఱేండ్ల కాలమును పరిశీలింపవలెను. ఆ కాలపు మూలాధారములు మూఁటిని, తమలోఁ దాము భేదించు చరిత్రకారు లిద్దఱి యభిప్రాయములను తూఁచి చూపవలెను. ఉపాధ్యాయుఁడు సామాన్యముగా దారి చూపవచ్చును గాని, చిత్తుప్రతిని దిద్ది యీయరాదు. ఇది తన సొంత రచనయే యని విద్యార్థి వ్రాఁతమూలముగాఁ జెప్పవలెను. ఆ దేశమున నివసించు తెలుఁగు కుటుంబముల పిల్లలును ఈ చదువు చదువుచున్నారు గనుక ఈ విషయము మన గృహములకు దూరమైనది కాదు.

స్వతంత్రమనఁగా నేమి? ఒంటిగాఁ గూర్చుండి వ్రాయుట యని కొందఱు తలఁతురు. ఎవ్వరును చెప్పని యభిప్రాయమును చెప్పుట యని మఱికొందఱు తలఁతురు. రెండును సరికావు. పెక్కు గ్రంథములు చదివి, పదుగురిని అడిగి వ్రాసినను వ్యాసము స్వతంత్రమే కావచ్చును. తలుపు మూసికొని వ్రాసినను పరాధీనమే కావచ్చును. ప్రతికూలమైన యాధారము ఎదురుపడినప్పుడు వ్రాయువారు తమ మొదటి తలఁపును మార్చుకొనుటకు సిద్ధపడిరా యనునదే ఇచటి పరీక్ష. ఈ దృష్టితోఁ జూచినచో, ఇట్టి వ్యాసములలోఁ బెక్కింటి లోపము భాషయందును లేదు, తేదీలయందును లేదు; తీర్పు ముందుగా వ్రాసికొని, సాక్షులను పిదపఁ బిలుచుటయం దున్నది.

ఒక యుదాహరణము తీసికొందము. సంస్కారప్రియమైన యింటఁ బెరిగిన యొక విద్యార్థిని స్త్రీల స్థితిని గుఱించి వ్రాయఁదలఁచిన దనుకొనుఁడు. "ఈశ్వరచంద్ర విద్యాసాగరుఁడు గొప్ప సంస్కర్తయేనా?" అని ప్రశ్న వేసికొన్నచో వ్యాసము మొదలు కాకమునుపే ముగిసినది. దానికి అవునను సమాధానము తప్ప వేఱొకటి ఆమె యింటిలో లేదు. "1829 మొదలు 1929 వఱకు వచ్చిన చట్టములు హిందూ స్త్రీల స్థితిని ఎంతవఱకు మార్చినవి?" అని యడిగినచో విచారమునకుఁ జోటు దొరకును. 1829లో సహగమన నిషేధము, 1856లో వితంతు వివాహ చట్టము, 1929లో బాలికలకు 14, బాలురకు 18 ఏండ్ల కనీస వివాహవయస్సును నిర్ణయించిన శారదా చట్టము, ఈ మూఁడును ఆ నూఱేండ్లలో నిముడును. అయితే ఆ కాలావధియే యొక తీర్పు. 1929కి బదులు 1937 దాఁక పోయినచో, వితంతువునకు భర్త యాస్తిలోఁ బరిమితమైన హక్కునిచ్చిన చట్టము కథలోఁ జేరి, దాని ముగింపునే మార్చును. అచటనే యేల ఆగితినని చెప్పని విద్యార్థిని కొంత మార్కును ఊరక విడిచినట్లే.

ఇఁక 1856 నాఁటి చట్టమును చూతము. విద్యాసాగరుఁడు పరాశరస్మృతిని ఆధారముగాఁ గొని వాదించెననియు, ప్రభుత్వము చట్టము చేసెననియు, వితంతువులకు విముక్తి కలిగెననియు వ్రాయుట సులభము. ఆ చట్టములోని రెండవ విభాగమును చదివినవారికి అంత సులభము కాదు. పునర్వివాహము చేసికొన్న వితంతువు, సామాన్యముగా, పూర్వభర్త యాస్తిపైఁ దనకుఁ గల హక్కును, తాను మరణించినయెడల నెట్లో అట్లే, కోల్పోవునని యందున్నది. ద్విజకులములలో పునర్వివాహమే లేదు గనుక అక్కడ ఈ నష్టము క్రొత్త వరమునకుఁ జెల్లించిన వెల. కాని మారుమనువు ఆచారముగాఁ గల కులములు దేశమున నెన్నియో యుండెను. ఆ స్త్రీలకు ఈ చట్టము క్రొత్తగా నిచ్చినదేమి? కలకత్తా, బొంబాయి, మదరాసు హైకోర్టులు వారి విషయమునను ఆస్తిహక్కు పోవునని తీర్పు చెప్పుచుండఁగా, అలహాబాదు హైకోర్టు మాత్రము అట్టి యాచారము గల కులములకు ఈ చట్టము వర్తింపదని చెప్పుచువచ్చెను. లూసీ కారల్ అను చరిత్రకారిణి 1983లోఁ బ్రకటించిన వ్యాసమున ఈ తీర్పులను పరిశీలించి, సంస్కారమునకై చేసిన చట్టము కొందఱు స్త్రీలకు ఉన్న హక్కునే తీసివేసిన తీరును చూపెను.

ఈ చోటనే వ్యాసము నిలుచుటయో కూలుటయో జరుగును. ఒక విద్యార్థిని ఈ సంగతిని కనుఁగొని, తన కథకుఁ బొసఁగదని విడిచిపెట్టును. మఱియొకతె దానిని పట్టుకొని, చట్టము స్త్రీలకు హానియే చేసినదని రెండవ కొసకుఁ బరుగెత్తును. ఈ రెండవది ధైర్యముగాఁ గనఁబడును గాని, ఇదియు నరువు తెచ్చుకొన్న తీర్పే. కావలసినది మధ్యనున్న ప్రశ్న. మారుమనువు చేసికొన్నదానికి పూర్వభర్త యాస్తిని ఆ కులాచారమే నిలిపి యుంచెడిదా, లేక అదియు తీసివేసెడిదా? ఎక్కడెక్కడ, ఏ కులమున? న్యాయస్థానమువఱకు వచ్చిన తగవులు తక్కినవారి బ్రదుకునకు ఎంతవఱకు సాక్ష్యము? ఇవి యడిగినప్పుడే కారల్ మాటకు బలమెంతయో, హద్దెక్కడనో తెలియును.

మూలాధారముల విషయమునను ఇదే చిక్కు. చట్టమును కోరి విద్యాసాగరుఁడు పంపిన విన్నపముపై వేయికి లోపుగా సంతకము లుండఁగా, రాధాకాంత దేవుని పక్షమువారి ప్రతికూల విన్నపముపై 30,000కు మించి యుండెను. వీనిని తక్కెడలోఁ బెట్టి లోకాభిప్రాయమును నిర్ణయించు వ్యాసములు పుట్టుచునే యుండును. ఆ కాలమున సంతకము చేయఁగలవా రెవరు, చేయించువా రెవరు, ఎవరి యాశ్రయమున నుండి చేసిరి? వితంతువు తానేమి కోరెనో ఈ సంఖ్యలు చెప్పవు. సహగమనమును గూర్చిన వాదములలో స్త్రీ వాదించునదియుఁ గాదు, వాదమునకు నిజమైన లక్ష్యమును గాదు, వాదము నడిచిన నేల మాత్రమే యని లతా మణి తన 1998 నాఁటి గ్రంథమున వాదించెను. ఆ మాట 1856కు ఎంత చెల్లునో పరీక్షించుట ఈ వ్యాసమునకుఁ దగిన పని.

తెలుఁగింటి విద్యార్థినికి ఇతరులకు లేని సంపద యొకటి కలదు. రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు జరిపించిన మొదటి వితంతు వివాహము 1881 డిసెంబరు 11వ తేదీది. చట్టము వచ్చి అప్పటికి 25 ఏండ్లు గడచినవి. అనుమతి యున్నను ఇన్నేండ్లు పెండ్లి కాకపోవుటకుఁ గారణమేమి? బహిష్కారపు భయమును, కాకినాడ వర్తకుఁడు పైడా రామకృష్ణయ్యగారి ధనసహాయమును, పంతులుగారి పూనికను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో, చట్టము ఏమి చేయఁగలదో, ఏమి చేయలేదో తేటపడును. పంతులుగారి స్వీయచరిత్రము దీనికి అమూల్యమైన యాధారము. అయినను అది ఆ సంఘటనల తరువాత ఎన్నో యేండ్లకు, తన పక్షమును తానే చెప్పుకొను పెద్దమనిషి వ్రాసినది. అబద్ధమని కాదు, ఎదిరించినవారి భయము లోపలినుండి ఎట్లుండెనో అందుఁ గనఁబడదు. దీనిని వ్రాసినంతమాత్రమున "మనవారినే చిన్నపుచ్చుచున్నావు" అని పెద్దలు నొచ్చుకొనుట కలదు. పురాణమును ప్రశ్నింపవచ్చునని పిల్లలకుఁ జెప్పిన యింటిలో పంతులుగారి పుస్తకమును ప్రశ్నింపరాదనుట వింతగా నున్నది. ఆ నొప్పికి వెఱచి బాలిక వాక్యము మార్చుకొన్నచో, మార్కులకంటె ఎక్కువ పోవును.

తండ్రి దిద్దియిచ్చిన వాక్యమును, కూలికిఁ దెచ్చిన బోధకుని వాక్యమును, నేఁటి యంత్రము అల్లియిచ్చిన వాక్యమును నియమము దృష్టిలో నొక్కటే. తనదని సమర్పించినచో అది దోషము. ఇంతకంటె దానిని గూర్చి చెప్పఁబనిలేదు. కాని యింటివారు చేయఁదగిన సాయము లేకపోలేదు. తెలుఁగు చదువలేని బిడ్డకు తాతయో అమ్మమ్మయో స్వీయచరిత్రములోని పుటలను చదివి వినిపింపవచ్చును, కఠినమైన మాటకు అర్థము చెప్పవచ్చును. ఆ యనువాదము ఎవరిదో ఆమె అడుగున సూచికలో వ్రాసికొనవలెను. ఆ పుటలనుబట్టి ఏమి తేలినదో మాత్రము ఆమెనే చెప్పనిండు.