వినికిడికి నిలిచిన వచనము

పిల్లల గ్రంథమునకు పాఠకులు ఇరువురు: చదివెడి పెద్దలు, వినెడి పసివారు. అచ్చులోని వాక్యము మొదట పెద్దల నాలుకను దాటి, పిమ్మట పిల్లల చెవి చేరవలెను. బాలసాహిత్యమును నీతినిబట్టియో, సౌలభ్యమునుబట్టియో తూచువారు ఈ ప్రయాణమును గమనింపవలసియున్నది.

1853లో వెలువడిన చిన్నయసూరి 'నీతిచంద్రిక' కఠినమని పేరుపడినది. అందుచే మనుమలకు దానిని వినిపింపబూనిన పెద్దలు కథను తమ మాటలలో చెప్పివేయుటయు కలదు. అప్పుడు కథ దక్కును గాని గ్రంథము దక్కదు. పావురములు వలతోకూడ ఎగిరిపోవుట ఏ మాటలలో చెప్పినను వింతయే. కాని అసమాపకక్రియల మీదుగా సాగి తుదిక్రియపై నిలుచు వాక్యపు నడక సూరి సొమ్ము. ఎలుకకు హిరణ్యకుడని పేరుండుట పిల్లవానికి భారము కాదు. ఆ పేరు నోట తిప్పుకొని ఆడుకొనును.

సూరి గ్రంథమున దోషము లేకపోలేదు. పాత్రలు కథను నిలిపి నీతులు వల్లించునప్పుడు వినువాని చూపు ప్రక్కకు పోవును. అట్టి చోట్లను చదువరి దాటిపోవచ్చును. అయితే వదలుట వేరు, మార్చుట వేరు. వదలిన భాగమును పిల్లవాడు పెరిగి తానే చదువుకొనగలడు. మార్చిన వాక్యము మూలమును మరుగుపరచును.

1947 జూలైలో మద్రాసున ఆరంభమైన 'చందమామ' వేరు మార్గము త్రొక్కినది. ఆ పత్రిక నేడు లేదు. అందలి బేతాళకథలన్నియు ఒకే తీరున మొదలై ఒకే తీరున ముగియును. కంటికి అది పునరుక్తి, చెవికి పల్లవి. నాలుగు కథలు విన్న పిల్లలు ఆ వాక్యమును చదువరికంటె ముందే అందుకొందురు. బేతాళుని ప్రశ్నకును విక్రమార్కుని సమాధానమునకును నడుమ చదువరి క్షణమాగిన చాలును, తీర్పు పిల్లవానిదగును. వినువానికి చోటు విడుచుటయే ఆ కథల బలము.

తెలుగునాటికి వెలుపల పెరుగుచు, తెలుగు మాటాడుదురే గాని చదువలేని మనుమలు నేడు ఎందరో కలరు. వారికి తెలుగు వచనము చేరుటకు పెద్దల గొంతే త్రోవ. ఆ గొంతున వాడుకమాట మాత్రమే వినవచ్చినచో, వారికి ఇంటి తెలుగు దొరకును; గ్రంథముల తెలుగు దొరకదు.

పిల్లలకై వ్రాయువారు తమ వచనమును అచ్చునకు ముందు పైకి చదివి చూచుట మేలు. పొట్టివాక్యమెల్ల సులభము కాదు. సూరి వాక్యము పొడవైనదే; అయినను ఊపిరి నిలుపుకొనుటకు తగిన తావులు అందు కలవు. ఆ తావులు తెలిసిన రచయితకే తాతలును అమ్మమ్మలును తమ గొంతును ఎరవిత్తురు.