కారెంపూడి కత్తికి గొంతు కావాలి

పల్నాటి వీరుల కథ పాడే వీరవిద్యావంతుడు కథకు లేచాడంటే ముందు కాలి గజ్జె పలుకుతుంది, వెనక పంబ అందుకుంటుంది, ఆ తర్వాతే గొంతు విప్పుతాడు. చేతిలో ఒక కత్తి. బ్రహ్మనాయుడి మాట వచ్చినప్పుడు అదే నృసింహకుంతం, కన్నమదాసు వచ్చినప్పుడు అదే భైరవఖడ్గం. ద్విపద పాదాన్ని సాగదీసి వంతపాటగాడికి వదులుతాడు. అతను అందుకుని ముగించేలోపు ఊపిరి పోసుకుంటాడు. ఈ ఊపిరి లెక్క తెలిసినవాడే తెల్లవార్లూ పాడగలడు. పోరు ఘట్టం దగ్గర పాట ఆపి వచనంలోకి దిగుతాడు చూడండి, అక్కడుంది అసలు పనితనం! రాగం ఆగినా లయ ఆగదు. వాద్యం మాటను తరుముతుంది, మాట వాద్యాన్ని తరుముతుంది. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు యుద్ధానికి వెళ్తూ తల్లి దగ్గర సెలవు తీసుకునే చోట మళ్లీ నిదానం. వినేవాళ్లకు ఆ కుర్రాడు తిరిగి రాడని తెలుసు. పాడేవాడికి వాళ్లకు తెలుసని తెలుసు. అందుకే తొందరపడడు.

పల్నాటి యుద్ధం చరిత్ర క్లుప్తంగా చెప్పేస్తాను. పన్నెండో శతాబ్దం చివరి మాట, 1182 ప్రాంతమని ఎక్కువమంది అంటారు. గురజాలలో నలగామరాజు, ఆయన వెనక నాయకురాలు నాగమ్మ. మాచర్లలో మలిదేవరాజు, ఆయన వెనక బ్రహ్మనాయుడు. కోడిపోరులో ఓడి మాచర్లవాళ్లు పందెం ప్రకారం కొంత గడువు దాకా రాజ్యం వదిలి వెళ్లారు. గడువు తీరాక రాయబారిగా వచ్చిన అలరాజుకు విషం పెట్టారు. నాగులేటి ఒడ్డున కారెంపూడిలో రెండు వైపులా మట్టిపాలయ్యారు. నాది మాచర్ల పక్షం, దాచుకోను. నాగమ్మ రాజనీతిని మెచ్చుకుంటూ ఈమధ్య వ్యాసాలు వస్తున్నాయి. రాసుకోనివ్వండి. అలరాజు చావు ఘట్టం ఒక్కసారి మంచి గొంతులో విన్నవాళ్ల కలం ఆ పక్కకు పోదు.

ఆ చనిపోయినవాళ్ల కోసమే కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకు మొదలై ఐదు రోజులు తిరునాళ్ల జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. కథలో ముందొచ్చే కోడిపోరు ఇక్కడ నాలుగో రోజు. ఉత్సవం తన వరస తనదే అంటుంది. వీరాచారవంతులు తాతల నాటి ఆయుధాలను, కొణతాలంటారు వాటిని, ఊళ్లనుంచి మోసుకొచ్చి నాగులేటి నీళ్లలో కడిగి వీరుల గుడికి తెస్తారు. మందపోరు రోజు చాపకూడు: కులం అడగకుండా ఒకే చాప మీద అందరికీ అన్నం. బ్రహ్మనాయుడు పెట్టిన పద్ధతి అది. మాల కన్నమదాసును కొడుకుగా చూసుకున్న మనిషి ఆయన. ఆఖరి రోజు కల్లిపాడులో ఆచారవంతులు పూనకంతో కత్తి ఝళిపిస్తూ నేలకొరుగుతారు. ఎనిమిది వందల ఏళ్ల కిందటి చావును మళ్లీ ఒళ్లమీదికి తెచ్చుకోవడమది.

ఆ పూనకం తెచ్చేది పాటే. క్రీడాభిరామం చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది: ఓరుగల్లు వీధిలో ఒక స్త్రీ వీరుల కథను ద్విపదలో పాడుతుంటే, వింటున్న కుర్రాళ్లు అక్షరం అక్షరానికీ కేకపెట్టి తూలిపోతారు. ఆ కావ్యం వినుకొండ వల్లభరాయుడిదా, శ్రీనాథుడిదా అన్న తగవు పండితులకు వదిలేద్దాం. పల్నాటి వీరచరిత్రను శ్రీనాథుడు ద్విపదలో రాశాడు, అక్కిరాజు ఉమాకాంతం దాన్ని 1911లో అచ్చువేయించి మేలు చేశారు. అయినా నా ఓటు అచ్చుపుస్తకానికి కాదు, ఆలిసెట్టి గాలెయ్యకు. 1970లలో జీన్ రోఘైర్ అనే అమెరికన్ పరిశోధకుడు వచ్చి కూర్చుంటే, ఆ వీరవిద్యావంతుడు కథంతా పాడి వినిపించాడు. ఆ పాట ఇంగ్లీషులోకి మారి 1982లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ల పుస్తకమైంది. ఒక మనిషి గొంతులో అంత కథ! 1947 సినిమాలో కన్నాంబ, 1966 సినిమాలో భానుమతి నాగమ్మలుగా గొప్పగా చేశారు, కాదనను. కానీ సినిమా మూడు గంటల్లో ముగిసిపోతుంది. చచ్చిపోయినవాళ్లను పేరుపేరునా పిలిచే తీరిక దానికెక్కడిది?

చనిపోయినవాళ్లను తలచుకోవడం ఇక్కడ డబ్లిన్‌లోనూ ఉంది. నేనుండే సిటీవెస్ట్‌లో లువాస్ రెడ్ లైన్ ట్రామ్ ఎక్కితే మ్యూజియం స్టాప్ పక్కనే కాలిన్స్ బ్యారక్స్. 1921లో బ్రిటన్‌తో పోరు ఆగిన జూలై 11కి దగ్గరి ఆదివారం, యుద్ధాల్లోనూ ఐక్యరాజ్యసమితి సేవలోనూ చనిపోయిన ఐరిష్ వాళ్లందరికీ కొన్నేళ్లుగా అక్కడ నివాళి అర్పిస్తున్నారు. అధ్యక్షుడో అధ్యక్షురాలో పూలచక్రం ఉంచుతారు, ఒక నిమిషం మౌనం, బ్యూగిల్, పైపు మీద శోకరాగం. చక్కటి క్రమశిక్షణ. కానీ ఎవరెలా చచ్చిపోయారో చెప్పేవాడు ఉండడు. కారెంపూడిలో అది చెప్పకపోతే ఉత్సవమే లేదు. ఐలండ్‌బ్రిడ్జ్‌లో మన ఇండియా గేట్ గీసిన లట్యెన్సే మొదటి ప్రపంచయుద్ధపు ఐరిష్ మృతులు 49,400 మందికి తోట కట్టాడు. బ్రిటిష్ యూనిఫాంలో చచ్చారన్న చిన్నచూపు కూడా తోడై అది దశాబ్దాలపాటు పాడుబడింది. 1980లలో బాగుచేశారు, ఇప్పుడు గులాబీలు పూస్తున్నాయి. తోట గనుక ఆగింది. గాయకుడు ఆగడు, వయసైపోతుంది.

మనం చేస్తున్నదేమిటి? తిరునాళ్లకు డీజే పెట్టెలు తెస్తున్నాం. పంబ మోత వాటికింద నలిగిపోతుంటే చిందులేస్తున్నాం. వీరుల ఫొటోల పక్కన నాయకుల ఫొటోలు, వాటికింద కులం పేరు! చాపకూడు పెట్టినవాడి పండగలో కులం ఫ్లెక్సీ కట్టడానికి చేతులెలా వస్తాయి? రంగు కాగితం చుట్టిన అట్టకత్తులతో, రికార్డు పాటకు పెదవులాడిస్తూ ఇరవై నిమిషాల ‘వీరగాథ’ వేసేవాళ్లకు శాలువాలు కప్పుతాం. ఆ గాథను మోసుకొచ్చిన వీరవిద్యావంతులు ఎక్కువగా మాల కుటుంబాలవాళ్లు. వాళ్లకు దారిఖర్చులు ఇవ్వడానికి బేరం ఆడతాం. వాళ్ల పిల్లలు వేరే పని వెతుక్కుంటే తప్పు పిల్లలది కాదు. కొణతాలు ఎన్ని తరాలైనా తుప్పు పట్టకుండా దాచుకోవచ్చు. పాడేవాడు లేకపోతే అవి వట్టి ఇనుము.

ఐర్లండ్‌లోని తెలుగు సంఘాలవారికి ఒక మనవి. వచ్చే ఉగాదికో దసరాకో సినిమా గాయకుడి బదులు ఒక వీరవిద్యావంతుల జట్టును పిలిపించండి. రాత్రంతా పాడనివ్వండి, మధ్యలో లక్కీడ్రా పెట్టకండి. కార్తీకమాసం చివర్లో ఊరెళ్లే వాళ్లు కారెంపూడి వెళ్లండి. కోడిపోరు చూసి వెనక్కి రాకండి, కల్లిపాడు దాకా ఉండండి. పాడినవాళ్లకు డబ్బు వాళ్ల చేతికే ఇవ్వండి. వాళ్లను అడిగి, కథ మొదటినుంచి చివరిదాకా రికార్డు చేయండి. రెండు నిమిషాల ముక్క ఎవరికీ పనికిరాదు.