నామవాచక పాత్ర నిర్ణయం: ఆంగ్ల వాక్య పద్ధతి, తెలుగు విభక్తి - ఒక విమర్శ

1. ఉపోద్ఘాతం:

ఆంగ్ల వాక్యంలో నామవాచకాన్ని గుర్తించి, అది సబ్జెక్టో ఆబ్జెక్టో తేల్చడం బడిలోనే ముగిసే పాఠమని అనుకుంటాం. డిగ్రీ తరగతిలో తెలుగు కారకాలు బోధించేటప్పుడు ఆ పాఠమే మళ్ళీ ఎదురవుతుంది. ‘నాకు ఆకలేస్తోంది’ అన్న వాక్యంలో కర్త ఏది అని అడిగితే, తిరుపతిలోని నా తరగతుల్లో తరచు వినవచ్చే సమాధానం ‘నాకు’. ‘ఐ యామ్ హంగ్రీ’లో ‘ఐ’ సబ్జెక్టు కదా అన్నది వారి తర్కం. ఈ సమాధానాన్ని తప్పుగా కొట్టివేయడం సులభం. అయితే రూపం, వాక్యసంబంధం, అర్థపాత్ర అనే మూడింటినీ ‘కర్త’ అనే ఒక్క మాటలో కలిపి బోధించడమే అసలు లోపమని ఈ వ్యాసం వాదిస్తుంది.

2. స్థానం, ప్రత్యయం:

‘ద డాగ్ బిట్ ద మ్యాన్’లో నామవాచకాల స్థానాలు మారిస్తే కరిచినదీ కరవబడినదీ తారుమారవుతాయి. ప్రాచీన ఆంగ్లంలోని విభక్తి ప్రత్యయాలు చాలావరకు నశించడంతో ఆ పనిని పదక్రమం చేపట్టింది. ‘హి’, ‘హిమ్’ వంటి సర్వనామాల్లో మాత్రం పాత భేదం మిగిలింది. తెలుగులో ‘కుక్క మనిషిని కరిచింది’ అన్నా, ‘మనిషిని కుక్క కరిచింది’ అన్నా పాత్రలు మారవు.

నామవాచకాన్ని గుర్తించడంలోనూ ఇదే భేదం ఉంది. ‘బుక్’ అన్న పదం ‘ఎ బుక్’లో నామవాచకం, ‘బుక్ ఎ రూమ్’లో క్రియ. తెలుగులో ‘ఇల్లు - ఇంటికి’, ‘ఏరు - ఏటికి’ వంటి ఔపవిభక్తిక రూపాలు నామాన్ని పట్టి ఇస్తాయి.

అయితే ప్రత్యయమే సర్వస్వం కాదు. ‘రైతు ఎద్దును తోలాడు’లో ద్వితీయ కనిపిస్తుంది, ‘రైతు మామిడికాయలు కోశాడు’లో కనిపించదు. జడవాచకాలకు ద్వితీయకు మారుగా ప్రథమ వస్తుందని చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) గుర్తించింది. ఇక్కడ కర్మను తెలిపేవి జడత్వం, ‘రైతు’తో క్రియకున్న పొందిక.

3. సంప్రదాయంలోని చిక్కు:

క్యాంప్‌బెల్ (1816), బ్రౌన్ (1840) తమ తెలుగు వ్యాకరణాలను ఆంగ్లేయ పాఠకుల కోసం రాశారు. వారికి పరిచితమైన పాశ్చాత్య వ్యాకరణ పరిభాషతోనే తెలుగు నామాలను వివరించారు. చిన్నయసూరి సంస్కృత విభక్తుల చట్రంలో ‘కు’ను ‘యొక్క’తో పాటు షష్ఠిలో చేర్చాడు. ‘రాముడికి ఇచ్చాడు’, ‘రాముడికి జ్వరం వచ్చింది’, ‘తిరుపతికి వెళ్ళాడు’ - ప్రత్యయం ఒక్కటే, కాని గ్రహీత, అనుభోక్త, గమ్యం అనే పాత్రలు మూడు. షష్ఠి అన్న పేరుగాని, పాశ్చాత్య విభక్తి నామంగాని ఈ భేదాన్ని చెప్పలేవు.

విభక్తి వేరు, కారకం వేరు అన్నది పాణిని నాటి వివేకమే. 1968లో ఫిల్‌మోర్ ‘ద కేస్ ఫర్ కేస్’ వ్యాసంలో ఆంగ్ల వాక్యాలకూ ఇటువంటి విభజనను ప్రతిపాదించాడు. ‘దిస్ నైఫ్ కట్స్ వెల్’లో కత్తి సబ్జెక్టే, కాని దాని పాత్ర సాధనం.

4. సరిహద్దు భాషల సాక్ష్యం:

చిత్తూరు ప్రాంతపు విద్యార్థికి తమిళం, కన్నడం పొరుగు భాషలు. తమిళంలో ‘ఎనక్కు పసిక్కిఱదు’, కన్నడంలో ‘ననగె హసివాగిదె’ అంటారు. ఆకలిగొన్నవాడిని ఈ రెండు భాషలూ తెలుగు వలెనే ‘కు’ అర్థంలోనే నిలుపుతాయి. ఆంగ్లం అతడిని సబ్జెక్టు స్థానంలో కూర్చోబెడుతుంది.

మరి ‘నాకు’ కర్తేనా? ‘నాకు కష్టాలు వచ్చాయి’లో క్రియ ‘కష్టాలు’తో పొందుతుంది కనుక, పొందిక ప్రకారం కాదు. కాని ‘కమలకు తన ఊరు గుర్తొచ్చింది’లో ‘తన’ కమలనే సూచిస్తుంది. సాధారణంగా కర్తను సూచించే ‘తన’ ఇక్కడ ‘కు’ నామాన్ని సూచిస్తోంది. అంటే అనుభోక్తకు కర్తృలక్షణాలు కొన్ని ఉన్నాయి. విద్యార్థి కారణం తప్పు కావచ్చు. అతని ఊహలో మాత్రం నిజం ఉంది.

5. ముగింపు:

‘గీత గీసిన పదం ఏ విభక్తి?’ అన్న ప్రశ్నతో ఆగిపోయే బోధన చాలదు. ప్రతి నామానికీ మూడు ప్రశ్నలు వేయాలి: దాని రూపం ఏది? క్రియ దేనితో పొందుతుంది? జరిగిన విషయంలో దాని పాత్ర ఏమిటి? ఆంగ్ల వాక్యానికి రెండవ, మూడవ ప్రశ్నలతో పాటు స్థానాన్ని కూడా చూడాలి. ఇలా చేస్తే ఆంగ్లం తెలుగుకు కొలబద్ద కాకుండా, పోల్చి చూడదగిన మరో భాషగా నిలుస్తుంది. లేకుంటే సొంత వాక్యాన్ని పరాయి సూత్రంతో కొలిచి, సరిపోనప్పుడు తన భాషకే వ్యాకరణం లేదనుకునే విద్యార్థిని మనమే తయారుచేసినవాళ్ళమవుతాం.